పాత ఆటపెట్టె

కొత్త వస్తువును కొనుట సులభము; పాత వస్తువును కొనుట కష్టము. కొత్తదానికి అంగడివాడు పూచీపడును. పాతదానికి మన కన్నును, మన చేయియు, మన చెవియు మాత్రమే పూచీ. కుండను వ్రేలితో మీటి, ధ్వని విని కొనవలెనని మా అమ్మ మాకు చిన్ననాడే నేర్పినది. కాని మా జన్మలో నెన్నడును చేతబట్టి ఆడియెఱుగని యొక వస్తువును, అందును అయిదు రకములలో నొకదానిని, ఏర్పఱచుకొనవలసిన అవసరము మొన్న కార్తికమాసమున మాకు కలిగినది. ఆ వస్తువు పిల్లలు పీఎస్పీ యని పిలుచు ఆటపెట్టె. గృహిణికి ఆటపెట్టెతో నేమి పనియని సోదరీమణులు నవ్వవచ్చును. మేమును పదునైదేండ్ల క్రింద అట్లే నవ్వితిమి. నవ్వి ఊరకుండక మఱియొక పనియు చేసితిమి. ఆ పనియే ఈ బేరమునకు మూలము.

ముందుగా ఈ పెట్టె సంగతి రెండు మాటలలో చెప్పెదము. జపానుదేశపు సోనీ సంస్థవారు ప్లేస్టేషన్ పోర్టబుల్ అను పేరున దీనిని 2004వ సంవత్సరము డిసెంబరునెలలో తమ దేశమున మొదట విక్రయించిరి. రెండుచేతులతో అడ్డముగా పట్టుకొని ఆడునట్టి చిన్న పలకవంటి పెట్టె ఇది. నడుమ తెర, కుడియెడమల మీటలు, పై అంచున చూపుడువ్రేళ్ళతో నొక్కుటకు మఱి రెండు మీటలు. ప్లాస్టిక్ చిప్పలో బిగించిన యూఎండీ యను చిన్న బిళ్ళలపై ఆటలు వచ్చును. వెనుకనున్న తలుపు తెఱచి బిళ్ళను లోపల నుంచవలెను. ఆట యెంతవఱకు వచ్చినదో ఆ గుర్తు మాత్రము మెమరీ స్టిక్ అను తపాలాబిళ్ళయంత పలుకలో నిలిచియుండును. సంస్థవారు 2014వ సంవత్సరముతో దీని విక్రయమును ముగించిరి. కావున నేడు బజారున దొరకునవి చాలవఱకు ఒకరి చేతులలో అరగినవే.

గత దసరాకు ముందు బీరువా సర్దుచుండగా, పట్టుచీరల అడుగున పాత తువాలులో చుట్టియున్న యొక పెట్టెను మా చిరంజీవి బయటికి తీసెను. వానికి పండ్రెండేండ్లు. "అమ్మా, ఇది ఎవరిది?" అని వాడడిగినపుడు మాకు వెంటనే నోట మాట రాలేదు. అది మా తమ్మునిది. దానిని వానియొద్దనుండి తీసికొని అక్కడ దాచినది మేమే.

మా పుట్టినయూరిలో కళాశాల లేదు. అందువలన 2010వ సంవత్సరమున మా తమ్ముడు ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరము చదువుచు మాయింట నుండెను. మాకు పెండ్లియై అప్పటికి ఏడాది. వాడు ఎదురింటి పిల్లలకు లెక్కలు చెప్పి, వచ్చిన పైకమును కూడబెట్టి, తోటి విద్యార్థియొద్ద ఆ పెట్టెను కొనెను. రాత్రివేళ ప్రక్కగదినుండి నాలుగేసి దెబ్బల డోలుమోత వినవచ్చుచుండెడిది. అది పటపాన్ అను ఆట. జపానునందు 2007వ సంవత్సరమున వెలువడినది. ఒంటికన్ను గల నల్లని బొమ్మసైనికులు అందు డోలుమోత ననుసరించి నడతురు, శత్రువును కొట్టుదురు, కాచుకొందురు. మీటలు నొక్కువాని లయ తప్పినచో అడుగు ముందుకు పడదు. ఇదంతయు మాకిపుడు తెలిసినది. నాడు మాకు వినబడినది మోత మాత్రమే.

మా తండ్రిగారియొద్ద భారతమును చదువుకొన్న వారము గావున, పాచికలవలన రాజ్యము పోగొట్టుకొన్న ధర్మరాజును, అట్లే పోగొట్టుకొన్న నలుడును మా మనసులో మెదలిరి. ఆటయన్నది ఏదైనను జూదమునకు చుట్టమే యని తలంచితిమి. పరీక్షలు మార్చినెలలో. ఫిబ్రవరిలో నొకరాత్రి ఆ పెట్టెను వానిచేతినుండి తీసికొని, బీరువాలో నుంచి తాళము వేసితిమి. "పరీక్షలు కానీ, అప్పుడు తీసుకుందువుగాని" అంటిమి.

పరీక్షలైనవి. పిమ్మట ఎంసెట్టు, పిమ్మట ఇంజనీరింగు. నడుమ నొకసారి వాడడిగెను. "సెలవులు రానీ, చూద్దాము" అంటిమి. వాడు మరల నడుగలేదు. మేమును మఱచితిమి. మఱచితిమనుట సగము సత్యము. పట్టుచీర తీసినపుడెల్ల అడుగున గట్టిగా నేదో చేతికి తగులుచునే యుండెను, తగిలినను తీయలేదు. ఏండ్లు గడచినకొలది ఇచ్చుట మఱింత కష్టమైనది. ఆలస్యముగా ఇచ్చునపుడు వస్తువుతోపాటు ఆలస్యమునకు కారణమును గూడ చెప్పవలెను గదా! వాడిపుడు మస్కటులో ఉద్యోగము చేయుచున్నాడు. సంక్రాంతికి భార్యాబిడ్డలతో వచ్చుచున్నానని ఫోనులో చెప్పెను.

తువాలు విప్పి చూచితిమి. బాటరీ ఉబ్బి, వెనుకమూతను పైకి లేపియుండెను. మాయూరి మరమ్మతుదారునియొద్దకు తీసికొనిపోగా అతడు జాగ్రత్తగా దానిని వేరుచేసి యొక సంగతి చెప్పెను. లిథియము బాటరీ వాడుక లేక ఏండ్లతరబడి పడియున్నచో లోపల వాయువు పుట్టి ఉబ్బవచ్చునట. అట్టిదానిని గ్రుచ్చరాదు, నొక్కరాదు, మరల చార్జి పెట్టరాదు. చెత్తలో పాఱవేయక, పాత విద్యుత్పరికరములు తీసికొనువారికి అప్పగించవలెను. వేఱు బాటరీ పెట్టి చూచెను. పెట్టెలో వెలుతురు రాలేదు. లోపలి పలక తేమకు తుప్పుపట్టినదని, అది బాగుపడదని చెప్పెను. చెడగొట్టినది వస్తువును చేసినవారు కారు. పదునైదేండ్లు గాలి సోకకుండ మూసియుంచిన మేము. మిగిలినవి మూడు బిళ్ళలు, ఒక మెమరీ స్టిక్.

"మఱియొకటి కొని వానికిత్తము" అని మావారితో ననగా, వారు కొంతసేపు ఊరకుండి, "కొనవచ్చును. కాని తీసికొన్నదానికి కొన్నది బదులగునా?" అనిరి. బడిలో పిల్లలవద్ద తీసికొన్న గోళీలను, బొంగరములను సాయంకాలము గంట కొట్టగానే తిరిగి ఇచ్చివేయుట వారి అలవాటు. ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది. అయినను కొనవలెననియే నిశ్చయించితిమి.

కార్తికమాసమున ఒక పనిమీద హైదరాబాదు వెళ్ళినపుడు, సికిందరాబాదులో పాత ఆటపెట్టెలను బాగుచేసి అమ్ము నొక చిన్న అంగడికి మేమును, చిరంజీవియు పోయితిమి. అంగడియందలి యువకుడు మర్యాదస్థుడు. "ఏ మోడలు కావాలమ్మా?" అని అడిగెను. పీఎస్పీ యన్న ఒక్కపేరు మాత్రమే మాకు తెలియును. అతడు బల్లపై అయిదు పెట్టెలను వరుసగా నుంచి, ఒక్కొక్కదాని గుణదోషములను విడమఱచి చెప్పెను. మా సోదరీమణులలో పిల్లల కోరికపై ఇట్టిదానిని వెదకువారుందురేమో యని ఆ వివరమును ఇచట వ్రాయుచున్నాము.

మొదటిది 1000 సంఖ్య గల పెట్టె, అన్నింటికంటె పెద్దక్క. బరువు 280 గ్రాములు. బాటరీ పెద్దది. చేతికి నిండుగా నుండును. కాని లోపలి జ్ఞాపకశక్తి తరువాతివానిలో సగమే యగుటచేత బిళ్ళనుండి ఆట తెఱచుకొనుటకు కొంత ఎక్కువసేపు పట్టును. రెండవది 2007వ సంవత్సరమున వచ్చిన 2000. బరువు 189 గ్రాములకు తగ్గినది, మందమును తగ్గినది. తగిన తీగ యున్నచో టెలివిజనుకు గూడ తగిలించి ఆడవచ్చును. మూడవది 2008లో వచ్చిన 3000. చూపునకు రెండవదానివలెనే యుండును. బాటరీ రెంటికిని ఒకటే. తెర రంగులు మాత్రము నిండుగా నుండును, వెలుతురులో నీడలు తక్కువగా పడును. మాటలు గ్రహించు మైకు లోపలనే యున్నది. బొమ్మలు వేగముగా కదలునపుడు తెరపై సన్నని గీతలు తోచుట దీని లోపము.

నాలుగవది గో అనునది, 2009లో వచ్చినది. 158 గ్రాముల బరువు, 3.8 అంగుళముల తెర. తక్కినవాని తెర 4.3 అంగుళములు. మూతను పైకి జరిపినచో మీటలు బయటపడును. ఆభరణపు పెట్టెవలె ముద్దుగా నున్నది. మా చిరంజీవి కన్ను దానిపైననే నిలిచెను. "అందరూ దీన్నే అడుగుతారమ్మా. ధరకూడా దీనికే ఎక్కువ" అని యువకుడనెను. అయిదవది 2011వ సంవత్సరమున ఐరోపాలో వెలువడిన ఈ-1000. అన్నింటికంటె చౌక, నునుపులేని నల్లని పెట్టె, చూచుటకు బాగుగనే యున్నది.

మేము సంచినుండి మూడు బిళ్ళలను, మెమరీ స్టిక్కును తీసి బల్లపై నుంచి, "ఇవి పట్టేది కావాలి బాబూ" అంటిమి.

ఆ ఒక్కమాటతో గో ప్రక్కకు తొలగినది. దానికి బిళ్ళ పెట్టు తలుపే లేదు. అది గైకొను మెమరీ పలుకయు వేఱు రకము. అందలి ఆటలు అంతర్జాలపు అంగడినుండి దిగవలసినవి. పీఎస్పీలోనే తెఱచి కొనునట్టి ఆ అంగడిని మూసివేసిరి. ముందుగా కొన్న ఆటలున్నవారికి అది పనికివచ్చును గాని, ముడుపువలె మూడు బిళ్ళలు చేతబట్టుకొని వచ్చిన మాకు దానితో నేమి పని? చిరంజీవి ముఖము చిన్నబుచ్చుకొనెను.

ఈ-1000 బిళ్ళలను పట్టును. చౌకయు గావున మనసు అటు లాగినది. కాని దానికి వైఫై లేదు. వైఫై లేకున్న నష్టమేమి యని అడిగితిమి. నేటి ఇండ్లలోని వైఫైతో ఈ పాతపెట్టెలు కొన్నిచోట్ల అసలే కలియవనియు, ఇప్పుడు దాని ముఖ్యప్రయోజనము ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి చెఱియొక పెట్టెతో కలిసి యాడుటయే ననియు అతడు చెప్పెను. మా మేనకోడలికి ఎనిమిదేండ్లు. ముందుముందు మఱియొకటి దొరకినచో బావయు మఱదలును కలిసి యాడుదురు గదా యని తోచినది. మఱియు ఈ-1000, గో రెంటిలోను బాటరీ మరలతో లోపల బిగింపబడియుండును. ఇంటిలోనివారు చేతితో తీయుటకు వీలులేదు. ఉబ్బిన బాటరీని కన్నులార చూచినవారమగుటచేత మాకు ఆ మాట తేలికగా తోచలేదు. మొదటి మూడింటికిని వెనుకనున్న మూతను గోటితో తెఱచి బాటరీని తీసి దాచవచ్చును. తెఱచుటకు వీలైన వస్తువునే కొనవలెనని నిశ్చయించుకొంటిమి.

1000 చిరంజీవి చేతికి బరువైనది. మిగిలినవి రెండు. ఆ రెంటినడుమ మేము పడిన సందేహము ఇంతింత యనరాదు. ఏలయన మా తమ్మునిది 2000, నలుపు. బల్లపై నున్నదియు 2000, నలుపే. దానిని చేతబట్టగానే ప్రక్కగదిలోని డోలుమోత వినబడినట్లయినది. ఇదియే కొని, ఆ తువాలులోనే చుట్టి, "ఇదిగో నీ పెట్టె, భద్రముగా నున్నది" యని ఇచ్చినచో వానికి తెలియునా? తెలియకపోవచ్చును. ఆ ఆలోచన వచ్చినందుకు మాకు మేమే సిగ్గుపడితిమి. పదునైదేండ్లు ఇయ్యకపోవుట యొక తప్పు. దానిపై ఈ మోసము రెండవ తప్పు. మావారన్న మాటకు అర్థము అప్పుడు బోధపడినది. పోయినదానికి కవలను తెచ్చినంతమాత్రమున పోయినది రాదు. కావున పోలికను విడిచి, ఏది బాగుగ పనిచేయునో దానినే కొనవలెను.

అప్పుడు కుండ మీటుట ప్రారంభించితిమి. మా బిళ్ళనే రెంటిలోను పెట్టి తిప్పి చూపుమంటిమి. 3000లో బిళ్ళ సన్నని హోరుతో తిరిగెను. 2000లో కటకటమని చప్పుడు. తలుపును గూడ సరిగా మూతపడలేదు. ఎడమప్రక్కనున్న చిన్న గుండ్రని మీటను చిరంజీవి ముట్టక ఊరకుంచగా 2000లో బొమ్మ తనంతట తానే ప్రక్కకు జరిగెను. అది అరగిన గుర్తట. తెరను తెల్లగా చేసి నల్లని చుక్కలు కలవేమో చూచితిమి. మీటలనన్నిటిని ఒక్కొక్కటిగా నొక్కించితిమి. చార్జరు తగిలించి దీపము వెలుగునా యని చూచితిమి. మెమరీ స్టిక్ దూరు గంటును అంగడివాని పలుకతో పరీక్షించితిమి గాని, మా తమ్ముని పలుకను పెట్టి చూడలేదు. అది వానిది; వాడే పెట్టవలెనని తోచినది.

కొత్త బాటరీల విషయమున ఆ యువకుడే హెచ్చరించెను. సంస్థవారు చేసిన బాటరీలు ఆగిపోయినవి. ఇతరులు చేయువానిపై అచ్చువేసిన పెద్ద అంకెలను నమ్మరాదనెను. 2000, 3000 పెట్టెల అసలు బాటరీ 1200 అంకె గలది. అదే కొలతగల బాటరీపై 3600 అని యున్నచో అది మాట మాత్రమే. ఎనిమిదివేలన్న పెట్టెను బేరమాడి ఆఱువేల అయిదువందలకు, ఒక బాటరీతో కూడ, 3000ను కొంటిమి. చిరంజీవికై దేశీ అడ్డా యను బిళ్ళను గూడ తీసికొంటిమి. కబడ్డీ, గాలిపటములు మొదలగు మన ఆటలను కూర్చి, 2010వ సంవత్సర ప్రాంతమున హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర యను సంస్థవారు తయారుచేసినదట. మన పిల్లల గాలిపటము జపానువారి పెట్టెలో ఎగురుట చూచి మేము ముచ్చటపడితిమి.

భోగినాడు మా తమ్ముడు వచ్చెను. సాయంకాలము పిల్లలు మేడపై గాలిపటములతో నుండగా, పళ్ళెములో రెండు పెట్టెలను, బిళ్ళలను, పలుకను ఉంచి వానిముందు పెట్టితిమి. చెప్పవలసిన మాటలను చాలదినములనుండి కూర్చుకొంటిమి, ఒక్కటియు రాలేదు. "ఇది నీది. పాడైపోయింది. పాడుచేసింది మేమే. ఇది పాడుకానిది" అని మాత్రము అనగలిగితిమి.

వాడు కొత్తగా కొన్నదానిని ముట్టలేదు. పాతదానినే చేతబట్టి, వెలుగని తెరపై బొటనవ్రేలితో ధూళిని తుడిచెను. చాలసేపటికి, పలుకను తీసి 3000లో నుంచెను. పటపాన్ బిళ్ళను పెట్టెను. భద్రపఱచిన ఆటయొక్క గుర్తును తెరపైకి తెచ్చెను. దాని ప్రక్కన తేదీయు, వేళయు నుండును. 2010 ఫిబ్రవరి; రాత్రి పదిగంటలు దాటినది. మాకు తల దిగిపోయినది.

"అక్కా, ఈ వేళ ఎందుకున్నదో తెలుసా?" అని వాడడిగెను. తెలియదంటిమి. "నీవు పెట్టె లాగుకోబోతే, రెండు నిమిషాలు ఆగమన్నాను, సేవ్ చేసుకుంటానని. నీవు ఆగినావు. గుమ్మంలో నిలబడి ఆగినావు. ఆగకపోతే ఇది ఉండేది కాదు."

మాకు అది జ్ఞాపకము లేదు. మేము పదునైదేండ్లు మోసినది తాళము. వాడు మోసినది ఆ రెండు నిమిషములు. అట్లని వాడు తప్పును లేదనలేదు. "పరీక్షలయ్యాక ఇస్తావని చూశాను. మళ్ళీ అడగటం చిన్నతనమనిపించింది" అని కూడ మెల్లగా అనెను. ఆ రెండుమాటలును నిజమే. ఒకటి రెండవదానిని చెఱపదు.

రాత్రి భోజనములైన పిదప ప్రక్కగదినుండి మరల నాలుగుదెబ్బల డోలుమోత వినవచ్చెను. చిరంజీవి తప్పుచుండెను, వాని మామయ్య సరిచేయుచుండెను. మేము వెళ్ళి గుమ్మములో నిలుచుంటిమి. లయను లెక్కించుచు నున్నామని కొంతసేపటికి గాని మాకే తెలియలేదు.

సోదరీమణులకు మా విన్నపము. పాత ఆటపెట్టెను కొనునపుడు దాని అందమును గాక, మీయొద్దనున్న బిళ్ళలను ముందుగా చూడుడు. చేతితో తెఱచుటకు వీలగునా యని చూడుడు. వాడని దినములలో సగము చార్జితో బాటరీని వేరుగా తీసియుంచుడు. పిల్లలయొద్ద ఏదైన తీసికొనవలసివచ్చినచో తిరిగి ఇచ్చు తేదీని అప్పుడే చెప్పుడు. ఇప్పుడు మాయింట చిరంజీవి పరీక్షలు దగ్గఱపడుటచేత 3000 బీరువాలోనే యున్నది. బాటరీ వేఱుగా నున్నది. వంటింటి క్యాలెండరులో ఏప్రిలు 20వ తేదీ చుట్టును వాడే ఎఱ్ఱసిరాతో సున్న చుట్టినాడు. బీరువాకు తాళము వేయలేదు.